వేర్వేరు కాలాల బాస్కెట్‌బాల్ దిగ్గజాలను పోల్చడం ఎలా?

మైకేల్ జోర్డాన్ గొప్పా, స్టీఫెన్ కర్రీ గొప్పా అని వాదనకు దిగేముందు, ఎవరు ఏ నిబంధనల కింద ఆడారో రాసుకోండి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి బంతి వేస్తే మూడు పాయింట్లు) 1979-80 సీజన్‌లో వచ్చింది. 1994-95 నుంచి మూడు సీజన్ల పాటు దాన్ని బుట్టకు దగ్గరగా, 22 అడుగుల దూరానికి జరిపారు కాబట్టి ఆ సీజన్ల మూడు పాయింట్ల షాట్ల శాతాలను విడిగా చూడాలి. 2001-02లో జోన్ డిఫెన్స్‌కు (ఒక ఆటగాణ్ని కాక, కోర్టులో ఒక భాగాన్ని కాపాడటం) అనుమతి వచ్చింది. 2004-05లో బంతి ఉన్నవాణ్ని చేత్తో నిలువరించడంపై కట్టడి పెరిగి, గార్డులకు (బంతిని నడిపించే ఆటగాళ్లకు) దారి తెరుచుకుంది.

సగటు పాయింట్లు ఒక్కటే చూస్తే మోసపోతాం. 1961-62లో విల్ట్ ఛాంబర్లిన్ సగటు 50.4, అద్భుతమే. కానీ ఓవర్‌టైమ్‌తో కలిపి మ్యాచ్‌కు 48.5 నిమిషాలు, అంటే దాదాపు మ్యాచంతా ఆడాడు, అప్పటి ఆట వేగమూ ఎక్కువే.

అందుకే ట్రూ షూటింగ్ శాతం, అంటే చేసిన ప్రయత్నాలకు ఎంత బాగా పాయింట్లు రాబట్టాడో చెప్పే లెక్క, తీయండి. ఫ్రీ త్రో (ఫౌల్‌కు దక్కే ఉచిత షాట్) ప్రయత్నాలను 0.44తో గుణించి షాట్ ప్రయత్నాలకు కలపండి, రెట్టింపు చేయండి, పాయింట్లను దానితో భాగించండి. 20 షాట్లు, 10 ఫ్రీ త్రోలతో 30 పాయింట్లు చేస్తే: 20 + 4.4 = 24.4, రెట్టింపు 48.8, 30 ÷ 48.8, అంటే 61.5 శాతం. దీన్ని అదే సీజన్ లీగ్ సగటు పక్కనే పెట్టాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పాత ఆటగాణ్ని నేటి సగటుతో కొలుస్తారు.

డిఫెన్స్‌లో ఇంకా జాగ్రత్త అవసరం. స్టీల్స్ (బంతిని లాక్కోవడం), బ్లాక్స్‌ను (షాట్‌ను అడ్డుకోవడం) ఎన్‌బీఏ లెక్కించింది 1973-74 నుంచే. అంతకు ముందే ఆడి, 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్‌కు అధికారికంగా ఒక్క బ్లాకూ ఉండదు. ఆ ఖాళీని సున్నాగా చదవకండి.