బేస్‌మెంట్ మూలలకు కార్నర్ బీడ్ కొట్టే ముందు

న్యూజెర్సీలో చలి ముదిరి బయట పనులు ఆగిపోతే, మనవాళ్లు చాలామంది బేస్‌మెంట్ మీద పడతారు. డ్రైవాల్ (జిప్సం పలక) షీట్లు ఎక్కించడం నలుగురు స్నేహితులు సాయం పడితే ఒక శనివారంలో అయిపోతుంది. తిప్పలన్నీ బయటి మూలల దగ్గరే. ఆ మూల అంచు నిటారుగా, గట్టిగా ఉండటానికి కొట్టే రెండు రెక్కల రేకు పట్టీయే కార్నర్ బీడ్.

మెటల్ బీడ్ కోసేటప్పుడు మందపాటి గ్లౌజులు, కళ్లకు రక్షణ జోడు ఉండాల్సిందే. కోసిన రేకు అంచు బ్లేడుతో సమానం. తునకలు ఎప్పటికప్పుడు ఏరెయ్యండి. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు మనది, నా మడమకు ఒకటి దిగింది.

బీడ్‌ను గది ఎత్తు కన్నా అర అంగుళం పొట్టిగా కోసి, పైన సీలింగ్‌కు ఆనించి నిలబెట్టండి. కింద నేలకు తగిలితే ఇల్లు కాస్త కదిలినా బీడ్ పైకి నెట్టుకొచ్చి, మూల పగులుతుంది. ఆ ఖాళీ ఎలాగూ గోడ అడుగున కొట్టే బేస్‌బోర్డ్ పట్టీ వెనక్కి పోతుంది.

ఒక రెక్కంతా మేకులు కొట్టేసి రెండోదానికి వెళ్లకండి, బీడ్ పక్కకు లాగేస్తుంది. ఇటొకటి, అటొకటి, సుమారు 9 అంగుళాల దూరంలో కొట్టుకుంటూ దిగండి. గోడలో వైర్లు ఎటు పోతున్నాయో షీట్లు ఎక్కకముందే ఫోటోలు తీసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

మడ్ (బీడ్‌ను, మేకు తలల్ని కప్పేసే తెల్ల పేస్టు) పూసే ముందు ఒక్క పరీక్ష. మడ్ పూసే 6 అంగుళాల వెడల్పు కత్తిని ఒక చివర బీడ్ ముక్కు (మూలన పొడుచుకొచ్చే అంచు) మీద, రెండో చివర గోడ మీద ఆనించి పైనుంచి కిందికి జరపండి. ఎక్కడైనా టిక్‌మని తగిలిందంటే అక్కడ మేకు తల పైకి ఉన్నట్టు. నేను ఇది బద్ధకించాను. పెయింటయ్యాక రాత్రి ల్యాంపు వేస్తే మేకు తలలు వరసగా కనబడ్డాయి, పొక్కుల్లాగా.

మడ్ ఆరాలంటే గది 55 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఉండాలి. కానీ ఆరిన మడ్‌ను నున్నగా రుద్దేటప్పుడు మాత్రం ఫర్నేస్ ఆపెయ్యండి, లేకపోతే ఆ తెల్లపొడి పిల్లల పడకగదుల దాకా పోతుంది. దాంట్లో సిలికా ఉండొచ్చు, కాబట్టి గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకోండి. తడి స్పాంజితో రుద్దితే ఇంకా నయం.

మీది పాత ఇల్లయితే ఆగండి. ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) కలిపిన మడ్‌ను అమెరికాలో నిషేధించింది 1977లో. అంతకుముందు కట్టిన గోడల్ని ల్యాబ్ పరీక్ష చేయించకుండా గీకొద్దు, రుద్దొద్దు.