దసరాకి మనుషుల్ని పెట్టుకునే ముందు

బట్టల కొట్టు నడిపేవాళ్లకి ఆషాఢం సేల్, శ్రావణం పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం అన్నీ ఒక ఎత్తు, నవరాత్రులు మొదలైన దగ్గర్నుంచి దీపావళి దాకా ఆ నెల రోజులు ఒక ఎత్తు. సరుకు గురించి అందరం ముందే ఆలోచిస్తాం. సూరత్‌కి ఆర్డర్లు ఎప్పుడు పెట్టాలో, ఉప్పాడ నేతగాళ్లకి ఎప్పుడు చెప్పాలో మనకి బాగా తెలుసు. మనుషుల సంగతి మాత్రం పాడ్యమికి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. గాజు తలుపుకి ‘సేల్స్ గర్ల్స్ అర్జెంటుగా కావలెను’ అని కాగితం అంటిస్తాం. వచ్చినవాళ్లని వచ్చినట్టే చేర్చుకుంటాం.

నాది చిన్న కొట్టే. మామూలు రోజుల్లో పన్నెండు మంది, సీజన్‌లో పద్దెనిమిది మంది. ఇక్కడ రాసేవన్నీ నేను చేసి, నష్టపోయి నేర్చుకున్నవే.

వినాయక చవితి వెళ్లాక వచ్చే మహాలయ పక్షాల్లో కొత్త బట్టలు కొనేవాళ్లు తక్కువ. గల్లా ఖాళీగా ఉందని దిగులుపడే ఆ పదిహేను రోజులే మనుషుల్ని తయారుచేసుకోవడానికి సరైన సమయం. ఏ బీరువాలో ఏముందో, ఉప్పాడకీ వెంకటగిరికీ తేడా ఏమిటో, కొంగు పైకి కనపడేలా చీర ఎలా మడవాలో అప్పుడే నేర్పాలి. దసరా రద్దీలో చేరిన మనిషికి ఇవేవీ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. విప్పిన చీరలు గుట్టపడతాయి, వాటిని మడవడానికి పాతవాళ్లు అమ్మకం ఆపుకోవాలి. అంటే కొత్త మనిషిని పెట్టుకుని పాత మనిషిని పోగొట్టుకున్నట్టే.

తీసుకునేటప్పుడు ప్రశ్నలు వేసి తెలుసుకునేది తక్కువ. మా కొట్లో ఒక పూట కౌంటర్ దగ్గర నిలబెడతాను, ఆ పూటకి కూలీ ఇస్తాను. పాతిక చీరలు విప్పించి ఏమీ కొనకుండా వెళ్లిన ఆవిడ వెనకాల ఆ మనిషి ముఖం ఎలా ఉందో చూస్తాను. నాకు అది చాలు. ఇంతకుముందు పనిచేసిన కొట్టుకి ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి, ‘మళ్లీ వస్తే తీసుకుంటారా?’ అని. జవాబు చెప్పడానికి ఎంతసేపు ఆలోచించారన్నదే అసలు జవాబు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, అందులో మాటే లేదు. పద్దెనిమిది నిండనివాళ్ల చేత రాత్రి ఏడు దాటాక పని చేయించకూడదు. సీజన్‌లో మన పనంతా ఏడు తర్వాతే కాబట్టి పద్దెనిమిది నిండాయో లేదో ఆధార్‌లో చూసుకునే తీసుకోండి. జిరాక్స్ చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకునే అలవాటు కొందరికి ఇంకా ఉంది, మానేయండి. అడ్వాన్సు తీరేదాకా పని మానడానికి వీల్లేదనడం అంతకన్నా ప్రమాదం. అది 1976 నాటి వెట్టిచాకిరీ నిషేధ చట్టం దాకా పోతుంది.

ఇక నన్ను బాగా దెబ్బతీసిన సంగతి. ఒక ఏడాది మనుషులు దొరక్క, నవరాత్రుల రెండో రోజున వచ్చిన అమ్మాయికి అడిగినంత ఒప్పుకున్నాను. ఆరేళ్లుగా పట్టుచీరల కౌంటర్ చూస్తున్న ఆవిడ జీతం కన్నా అది అయిదువందలు ఎక్కువ. నాకప్పుడు ఆ లెక్కే తట్టలేదు. ఆవిడకి సాయంత్రం టీ వేళకల్లా తెలిసిపోయింది. ఏమీ అనలేదు, సీజనంతా ఎప్పటిలాగే చేసింది. దీపావళి మర్నాడు బీరువా తాళాలు గల్లా మీద పెట్టి ‘వెళ్లొస్తానండి’ అంది. జీతం పెంచుతానన్నాను. ‘ఆరేళ్లలో మీకు తోచలేదు కదండీ’ అని మాత్రం అంది. పెళ్లి బట్టలకి ఆవిడ పేరు అడుగుతూ వచ్చే ఇళ్లు చాలా ఉండేవి. ఆ ఇళ్లవాళ్లు తర్వాత ఎక్కడికి వెళ్లారో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఇప్పుడు కొత్త మనిషి కోసం వెతికే ముందు పాతవాళ్ల జీతాల పుస్తకం తీస్తాను. బయట ఇప్పుడేం ఇస్తున్నారో కనుక్కుని, పెంచాల్సింది భాద్రపదంలోనే పెంచుతాను. సీజన్ వాళ్లకి రోజుకూలీ. ఎప్పటిదాకా పని, వారం సెలవు ఉంటుందా, ఎక్కువసేపు ఉంటే ఎంత ఇస్తామన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తాను. జీతాలు ఎవరికీ తెలియవనుకోకండి. కొట్లో రహస్యం అంటూ ఏదన్నా ఉంటే అది ఓనరుకి తెలియనిదే.

కమీషన్ విషయంలోనూ జాగ్రత్త. ఎవరమ్మినదానికి వాళ్లకే అంటే గుమ్మంలోనే కస్టమర్ని లాక్కోవడం మొదలవుతుంది, జాకెట్టు ముక్కకి వచ్చినావిడని పలకరించే దిక్కుండదు. కౌంటర్ మొత్తానికి లెక్కకట్టి పంచితే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

తలల లెక్క కూడా ముందే చూసుకోండి. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా. ఇరవై మంది అయితే పీఎఫ్, అంటే భవిష్య నిధి. సీజన్ వాళ్లు ఈ లెక్కలోకి రారనుకుంటే పొరపాటు. పైగా ఒకసారి ఈఎస్‌ఐ కిందికి వచ్చాక, మనుషులు మళ్లీ తగ్గినా బయటపడరు. నిజానికి అది భారమేమీ కాదు. నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి మన వాటా 3.25 శాతం, వాళ్లది 0.75. ఇరవై మంది ఉన్నచోట బోనస్ కనీసం 8.33 శాతం. స్వీట్ బాక్సు చేతిలో పెట్టి సరిపెట్టడం కుదరదు. పదిమంది ఉన్న కొట్లో ఆడవాళ్ల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 నుంచి చట్టం ఉంది. కాగితం మీద కమిటీ ఉంటే చాలదు, అందులో ఎవరున్నారో అమ్మాయిలకి తెలియాలి.

కాళ్ల గురించి కూడా చెప్పాలి. రోజుకి పది గంటలు నిలబడి చూడండి, మూడో రోజుకి మీరే ఎవరిమీదో ఒకరిమీద విసుక్కుంటారు. కొట్లలో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. మన దగ్గర ఎవరో చెప్పేదాకా ఆగడమెందుకు? ప్రతి కౌంటర్ వెనక రెండు స్టూళ్లు వేశాను. ‘కూర్చుంటే కస్టమర్ ఏమనుకుంటారో’ అని మా నాన్నగారు కొన్నాళ్లు టెన్షన్ పడ్డారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. భోజనాలు మూడు బ్యాచ్‌లు, ఎంత రద్దీ అయినా అరగంట తగ్గదు. రాత్రి ఆఖరి బస్సు వేళ గోడ మీద రాసి ఉంటుంది. అది దాటితే ఆటో మన ఖర్చే.

రద్దీలో సరుకు పోతుంది. సందేహం అంటూ వస్తే ముందు స్టాకు లెక్క చూడండి, తర్వాత కెమెరా, ఆ తర్వాతే మనిషి. నలుగురి ముందు బ్యాగు వెతికించి, చివరికి ఆ చీర వేరే బిల్లు మూటలో దొరికిన సందర్భం నాకు తెలుసు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు, ఆమెతో వచ్చే ఇద్దరూ రాలేదు.

దీపావళి అయ్యాక అందరం అలిసిపోయి ‘లెక్కలు కార్తీకంలో చూద్దాం’ అంటాం. అలా అనకండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, మనిషి మానేసినా మనం మాన్పించినా రెండు పనిదినాల్లో డబ్బు చేతికివ్వాలి. నేను దీపావళి మర్నాడే ఇచ్చేస్తాను. బాగా చేసినవాళ్ల నంబర్ల పక్కన టిక్కు పెట్టుకుని సంక్రాంతి బేరాలకి ముందు ఫోన్ చేస్తాను. పోయినసారి ఆరుగురికి చేస్తే నలుగురు వచ్చారు. ఒకమ్మాయి ఫోన్ ఎత్తలేదు. ఇంకో అమ్మాయి పెళ్లి కుదిరిందట. పనికి రాలేదు గానీ వాళ్లమ్మని వెంటబెట్టుకుని పెళ్లి చీరలకి వచ్చింది, మడతలన్నీ తనే పెట్టి వెళ్లింది.