పాము పెంపకం – మూడో పాఠం: పెట్టె అడుగున ఏమి పరచాలి?

కిందటి పాఠంలో ఒక పని అప్పగించాను. పెట్టెలో వెచ్చని మూల, చల్లని మూల ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో వారం రోజులు పొద్దున, రాత్రి రాసి పెట్టమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. రాయనివారు ఈ పాఠం చదివి, వారం రాసుకున్న తరవాత మళ్లీ తెరవండి. ఆ అంకెలు లేకుండా పరుపు కొనడమంటే కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

కొత్తగా చేరినవారికి ఒక మాట. ఇక్కడ పాము అంటే బాల్ పైథాన్, కార్న్ స్నేక్ వంటి విదేశీ జాతులే. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన నేల పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్‌ను సైతం 2024 ఫిబ్రవరి నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఇక అసలు విషయం. పరుపు అంటున్నాం కానీ పాము మెత్తదనం కోసం వెతకదు. అడుగున పరిచేదానికి ఉన్న మొదటి పని తేమను పట్టి ఉంచడం. ఎండాకాలం మన ఇళ్లలో రంజన్‌ను ఇసుక మీద కూర్చోబెట్టి, ఆ ఇసుకను రోజూ తడుపుతాం కదా. ఇసుక తడిని దాచుకుని మెల్లమెల్లగా వదులుతుంది. పెట్టె అడుగున కావలసింది అచ్చంగా ఆ గుణమే. అయితే అక్కడ ఇసుక మాత్రం వద్దు. ఎలుకతో పాటు కడుపులోకి పోతే పేగులో అడ్డుపడవచ్చు.

బాల్ పైథాన్ సొంత ఊరు ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డి మైదానాలు. పైన నేల ఎండి ఉన్నా అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది. పాము అనగానే మనకు పుట్ట గుర్తుకు వస్తుంది. ఆఫ్రికాలోనూ కథ వేరుగా లేదు. పుట్ట లోపల ఎండాకాలంలోనూ చెమ్మ ఆరదు. అందుకే దానికి 55 నుంచి 70 శాతం తేమ కావాలి. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ భాగపు అడవులు, పొలాలు, ధాన్యపు కొట్టాల పాము. దానికి 40 నుంచి 60 శాతం చాలు. ఈ తేడా తెలిస్తే సగం పరుపు ఎంచుకున్నట్టే.

మిగతా సగం మీ గది చెబుతుంది. మే నెలలో హన్మకొండలో పగటి వేడి 43 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో గాలి అప్పడంలా ఎండిపోతుంది. అదే గదిలో గడ్డి తెరల కూలర్ పెడితే తేమ పెరుగుతుంది. ఏసీ వేస్తే మళ్లీ తగ్గుతుంది. శ్రావణంలో ముసురు పట్టిందంటే ఉతికిన బట్టలే ఆరవు, పెట్టె ఏమి ఆరుతుంది? కాబట్టి హైదరాబాద్ మిత్రుడు ఏది వాడుతున్నాడని అడగకండి. మీ కాగితం చూడండి.

ఉత్తర తెలంగాణలో ఉండి పరుపు వెతికే ప్రతివారి చూపు ముందుగా సామిల్లు మీద, తరవాత రైస్ మిల్లు మీద పడుతుంది. నాదీ పడింది. మొదటి కార్న్ స్నేక్‌కు ఊరికే వచ్చిందని ఒక బస్తా రంపపు పొట్టు తెచ్చి పరిచాను. మర్నాటికి నీళ్ల గిన్నె మీద పొడి తెట్టు కట్టింది. పాము అద్దానికి ముక్కు రుద్దుతూ తిరిగింది. అది ఏ కర్రల పొట్టో సామిల్లు వారికే తెలియదు. టేకు, వేప, ఇంకా నాలుగు రకాలు ఒకే కుప్ప. టేకు పొడి మనుషుల చర్మానికే దురద పెడుతుంది. ఘాటైన వాసన వచ్చే దేవదారు వంటి కర్ర అసలే పనికిరాదు, దాని నూనెలు పాము ఊపిరికి చేటు. రైస్ మిల్లు ఊక కోళ్ల ఫారాలకు బాగుంటుందేమో కానీ, మొనలు గరుకు, దుమ్ము ఎక్కువ, పురుగు తొందరగా పడుతుంది. చవకదనం చూసి మోసపోవద్దు.

నా ఓటు కొబ్బరికే. నర్సరీల్లో కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఇటుకలుగా దొరుకుతుంది. ఎరువు కలపనిదే అడగండి. 650 గ్రాముల ఇటుక నీటిలో ఉబ్బి ఎనిమిది, తొమ్మిది లీటర్లు అవుతుంది. లెక్క మీరే వేయండి: పెట్టె పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, పరుపు మందం 5 అయితే 36,000 ఘన సెంటీమీటర్లు, అంటే 36 లీటర్లు. నాలుగైదు ఇటుకలు. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి అలాగే చేయండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. ఉత్త కోకోపీట్ ఆరితే పొడి లేస్తుంది కనుక, కొబ్బరి డొక్క ముక్కలు దొరికితే సగానికి సగం కలపండి.

తడి సరిపోయిందా అనేది చేతితోనే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క రాలకూడదు. చుక్క రాలితే పళ్లెంలో పరిచి నీడన ఆరనివ్వండి. పెట్టెలో వేసిన తరవాత పైనుంచి చిలకరించడం కన్నా, మూలల్లో కొద్దిగా నీళ్లు పోయడం మేలు. అడుగు తడిగా, పైపొర పొడిగా ఉంటుంది. ఎప్పుడూ తడి మీదే పడుకునే పాముకు పొట్ట పొలుసులు ఎర్రబడి కుళ్లడం మొదలవుతుంది. ముసురు రోజుల్లో నీళ్లు పోయడం పూర్తిగా ఆపండి.

కార్న్ స్నేక్‌కు ఆస్పెన్ చెక్క తురుము మంచిది, అందులో సొరంగాలు చేసుకుని మురిసిపోతుంది. కాకపోతే బయటి నుంచి తెప్పించుకోవాలి. పైగా వానాకాలంలో నీళ్ల గిన్నె ఒలికితే బూజు పట్టేస్తుంది.

కొత్తగా వచ్చిన పాముకు మాత్రం, ఏ జాతిదైనా, మొదటి నెల రెండు నెలలు వార్తాపత్రికే పరచండి. అందంగా ఉండదు, నిజమే. కానీ నల్లని చుక్కల్లాంటి పేలు, రెట్ట రంగు, కక్కిన తిండి తెల్ల కాగితం మీద దాగవు. మా ఇంట్లో పేపరు చదవడం పూర్తి కాకముందే మాయం కావడం మీద పెద్ద పంచాయితీ నడిచింది, అది వేరే కథ.

శుభ్రం సంగతి క్లుప్తంగా. రెట్ట కనిపించిన రోజే చుట్టూ ఉన్న పరుపుతో సహా ఎత్తేయాలి. కొబ్బరి పరుపు మొత్తాన్ని రెండు మూడు నెలలకు, తురుమును నెలకు మార్చాలి. కాగితం తడిసినప్పుడల్లా మార్చాలి. ఫినాయిల్‌తో పెట్టె తుడవవద్దు, అది పాముకు విషమే. సబ్బు నీళ్లతో కడిగి, బాగా జాడించి, ఎండలో ఆరబెట్టండి.

ఎంపిక సరైనదో కాదో పాము కుబుసంతో చెబుతుంది. తల నుంచి తోక దాకా మేజోడు విప్పినట్టు ఒకే ముక్కగా వస్తే తేమ సరిపోయింది. ముక్కలు ముక్కలుగా ఊడినా, కళ్ల మీద పొర మిగిలినా తేమ చాలలేదు. ఆ పొరను గోటితో లాగవద్దు.

ఈ వారం పని: పరుపు వేసి, పిసికి చూసి, మళ్లీ ఏడు రోజుల తేమ అంకెలు పాత కాగితంలో పక్క వరుసలో రాయండి. రెండు వరుసల మధ్య తేడా గీత గీసి చూపండి. వచ్చే పాఠానికి అంచు పగిలిన మట్టి కుండ ఒకటి దాచి ఉంచండి. దానితో దాగుచోటు కడదాం.