వాట్సాప్ ఆర్డర్లను లెక్క తేలే పట్టికగా మార్చడం

"అక్కా, ఆవకాయ రెండు కిలోలు, గోంగూర అరకిలో. శుక్రవారానికి అందాలి. గోంగూరలో కారం తగ్గించండి."

పచ్చళ్ల వ్యాపారానికి వాట్సాప్‌లో ఆర్డర్లు ఇలాగే వస్తాయి. చదివితే అంతా అర్థమవుతుంది. ఈ నెల ఆవకాయ ఎన్ని కిలోలు పోయిందో తేలాలంటే మాత్రం మెసేజీలన్నీ మళ్లీ చదవాల్సిందే. ఇది అన్‌స్ట్రక్చర్డ్ డేటా. వాయిస్ మెసేజీలు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు కూడా ఈ కోవలోవే. ఏ వివరం ఏ గడిలో, ఏ రూపంలో ఉండాలో ముందే ఖాయం చేసుకుని రాస్తే అది స్ట్రక్చర్డ్ డేటా.

ఎక్సెల్ తెరిచే ముందు, ఆ పట్టికను ఏమేం అడగబోతున్నారో కాగితం మీద రాసుకోండి. కాలమ్‌లు అందులోంచే వస్తాయి: ఆర్డరు నంబరు, తేదీ, ఫోను, సరుకు, గ్రాములు, ధర, యూపీఐ నంబరు (చెల్లింపు స్క్రీన్‌షాట్‌లో కనిపించే లావాదేవీ నంబరు), అందాల్సిన తేదీ, గమనిక. ఒక్కో సరుకుకి ఒక్కో వరస. పై ఆర్డరు ఒకే నంబరుతో రెండు వరసలవుతుంది: ఆవకాయ 2000, గోంగూర 500.

గ్రాముల గడిలో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "2 కిలోలు" అని కొడితే ఎక్సెల్ దాన్ని మాటగా తీసుకుంటుంది. కింద సమ్ ఫార్ములా వేస్తే ఆ గడిని వదిలేసి మిగతావి కూడుతుంది, పొరపాటు జరిగిందని చెప్పదు కూడా. అలైన్‌మెంట్ మార్చని గడుల్లో అంకెలు కుడివైపుకి, మాటలు ఎడమవైపుకి ఉంటాయి. అనుమానం వస్తే ముందు అది చూడండి.

సరుకు పేర్లు చేత్తో కొట్టొద్దు. ఆవకాయ, ఆవకాయి అని రెండు రకాలుగా పడితే పివట్ టేబుల్‌లో (సరుకు వారీగా మొత్తాలు తేల్చే ఎక్సెల్ పట్టికలో) రెండు సరుకులవుతాయి. గడిలో ఏం పడొచ్చో ముందే కట్టడి చేసే డేటా వ్యాలిడేషన్‌లో సరుకుల లిస్ట్ పెట్టి, అందులోంచి ఎంచుకోండి.

ఫోను, యూపీఐ కాలమ్‌లను నింపకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి. లేకపోతే నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది, 12 అంకెల యూపీఐ నంబరు కుదించుకుపోయి కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే ఇంకా ప్రమాదం: 16వ అంకె నుంచి అన్నీ సున్నాలైపోతాయి, తర్వాత ఫార్మాట్ మార్చినా తిరిగి రావు.

"శుక్రవారం" అని రాయకుండా, మెసేజీ వచ్చిన రోజును బట్టి 2025-06-13 లాగా పూర్తి తేదీ వేయండి. 03-04 అని రాస్తే ఒక కంప్యూటర్‌లో ఏప్రిల్, ఇంకోదాంట్లో మార్చి అవుతుంది.

కారం సంగతి గమనికలో ఉన్నదున్నట్టు రాస్తే చాలు. అదే కోరిక తరచూ వస్తుంటే అప్పుడు దానికొక కాలమ్ తెరవండి. పట్టికలోకి ఎక్కించాం కదా అని మెసేజీ చెరిపేయొద్దు. తూకం మీద పేచీ వస్తే సరిచూసుకోవడానికి ఉన్న ఆధారం అదే.