బస్సు రాని దారిలో సైకిలు

గ్రావెల్ సైకిలు కొన్నానని చెప్తే మా అత్తమ్మ "ఎన్ని టన్నులు పడతాదే?" అంది. ఆవిడ తప్పేం లేదు. మా విశాఖపట్నంలో గ్రావెల్ అంటే పునాదుల్లో పోయించే ఎర్రమట్టి, దాన్ని తోలే టిప్పరు. వంపు హ్యాండిలూ లావు టైర్లూ ఉన్న సైకిలుకి ఆ పేరేంటని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నిజానికి పేరు అతికినట్టే ఉంది. తారు వెయ్యకముందు రోడ్డు మీద పోసే ఆ ఎర్ర గ్రావెల్ మీదే నేను తొక్కేది.

నేను స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీల తర్వాత వచ్చే ఆఫ్ మంగళవారమో బుధవారమో పడుతుంది తప్ప ఆదివారం పడదు. కొండల్లో సైకిలు తొక్కేవాళ్లకి ఇంతకన్నా వరం లేదు. కార్తీకమాసం పిక్నిక్‌లు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా, ఆదివారం నాడు శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కడమంటే కార్ల పొగ పీల్చడమే. ఇటలీ ఆల్ప్స్‌లో అస్సియెట్టా అని రెండు వేల మీటర్లకు పైన పోయే పాత సైనిక మట్టిదారి ఉంది. జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు పగటిపూట అక్కడ మోటారు బళ్లని రానివ్వరు. మనకి ఆపేవాళ్లు లేరు కాబట్టి వారమూ వేళా మనమే ఎంచుకోవాలి. నేనూ మా మరిదీ కారు వెనక సీటు మడిచి, ముందు చక్రాలు విప్పిన రెండు సైకిళ్లు పెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. ఆరున్నరకల్లా అనంతగిరిలో టీ తాగుతూ ఉంటాం. కిరండూల్ పాసింజర్ ఎక్కి, సొరంగాలు దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడలో దిగాలని నాకూ సరదాయే. కానీ సైకిలుని విప్పి, చుట్టి, లగేజీలో బుక్ చేసి, చిన్న స్టేషన్లో కంగారుగా దించుకునే ఓపిక నాకు లేదు.

అసలు సంగతి ముందే చెప్పాలి. ట్రాఫిక్ లేని దారంటే సాయం రాని దారి. ఇక్కడ బళ్లు తిరగవంటే ఆ ఊరికి బస్సు లేదని అర్థం, చాలాచోట్ల సెల్ సిగ్నల్ కూడా లేదని అర్థం. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. మేం ముచ్చటపడ్డ ఒక మట్టి రోడ్డుకి రెండేళ్ల తర్వాత వెళ్తే నున్నగా తారు పడి ఉంది. మరిది మొహం వేలాడేశాడు. నేను మాత్రం ఇక 108 పైదాకా వస్తుంది కదా అనుకున్నాను. కిందకి చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని చదవండి.

మొదటిసారే కొండ ఎక్కకండి. బొర్రా గుహల్లోంచి పారే గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది తోక దగ్గర నేర్చుకుని తల దగ్గరికి వెళ్లండి. భీమిలి వైపు చెరువుగట్లూ సరుగుడు తోటల మధ్య బండిదారులూ ఒక నెల తొక్కితే ఇసుకలో చక్రం ఎలా జారుతుందో ఒంటికి తెలుస్తుంది. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం సైకిలు ఎక్కించొద్దు. అవి రక్షిత దిబ్బలు, టైరు గాడి పడిందంటే తర్వాతి వానకి అది కాలవ అవుతుంది.

ఇక దారి వెతకడం. ఫోన్లో ఉపగ్రహ చిత్రం తెరిచి, కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు గుబురుగా కనిపించేచోట కొండ నడుము చుట్టూ మెలికలు తిరిగే ఎర్ర గీత పట్టుకోండి. నిట్టనిలువుగా వాగులోకి దిగే గీత కాలిబాట, అక్కడ సైకిలే మిమ్మల్ని ఎక్కుతుంది. తర్వాత టీకొట్టులో అడగాలి. "రోడ్డు బాగుందా" అంటే అందరూ బాగుందనే అంటారు. "ఏ బండి వెళ్తుంది" అని అడగండి. "ఆటో వెళ్తాది" అంటే హాయిగా తొక్కొచ్చు. "బైకులెళ్తాయి" అంటే ఇరుకు, కానీ మట్టి గట్టిది. "జీపు ఎక్కుద్ది" అంటే పిడికిలంత రాళ్లు పరిచి రోలరు తిప్పకుండా వదిలేసిన రోడ్డు అని నా అనుభవం. అది మానుకోండి. "దగ్గరే" అన్న మాట మాత్రం నమ్మొద్దు, వాళ్ల కాళ్లు వేరు.

గేర్ల దగ్గర చాలామంది మోసపోతారు. నా సైకిలు ముందు 34 పళ్లు, వెనక పెద్దది 34 పళ్లతో వచ్చింది. పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, సుమారు 2.2 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 8 కిలోమీటర్లు. నూటికి పది ఎక్కే ఎత్తు మీద నేనూ సైకిలూ సంచీ కలిపి 76 కిలోలం ఆ వేగంతో వెళ్లాలంటే 164 వాట్లు కావాలని మరిది లెక్కకట్టాడు. మట్టి పట్టి లాగేది అదనం. నలభై దాటిన నా తొడలకి అది పది నిమిషాల ముచ్చట. ముందు 30, వెనక 36 పెట్టించాక అదే ఎత్తుకి 137 చాలు. వేగం తగ్గుతుంది, దిగి తోసుకోవడం కూడా తగ్గుతుంది. లక్ష దాటే సైకిలు కొనలేకపోతే పర్లేదు. ఇంట్లో పడున్న పాత ఎమ్‌టీబీ(కొండదారుల సైకిలు)లో ముందు చిన్న పళ్లచక్రం ఉంటుంది కదా, దానికి మంచి టైర్లు వేయించండి, చాలు.

టైరు 40 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. గాలి విషయంలో రోడ్డు సైకిలు అలవాటు మానుకోవాలి. రాయిలా బిగిస్తే ప్రతి రాయీ మణికట్టులో తగులుతుంది, చక్రం ఎగిరి పట్టు పోతుంది. 62 కిలోల నేను ట్యూబ్‌లెస్‌లో ముందు 28, వెనక 32 పీఎస్ఐ పెడతాను. ట్యూబు ఉంటే ఇంకో ఐదు పెంచండి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా జంట బెజ్జాలు పడతాయి. మరో చిన్న సంగతి, సన్న ప్రెస్టా వాల్వుకి మన పంక్చరు షాపు పైపు పట్టదు. ఇత్తడి అడాప్టరు ఒకటి సంచీలో పడేసుకోండి. దాంతోపాటు రెండు ట్యూబులు, చేతిపంపు, తెగిన గొలుసుని కలిపే క్విక్ లింకు, వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, అంటే గేరు హ్యాంగరు. ఈ చివరిది లేకే ఒకసారి పదకొండు కిలోమీటర్లు నడిచాను. సైకిలు పక్కకి పడి హ్యాంగరు వంగింది, గేరు వెళ్లి చక్రం పుల్లల్లో చిక్కుకుంది. వెనకాలే వచ్చిన కుర్ర గుంటలు "ఏటి మేడం, బండి పాడైపోనాదా?" అంటూ ఊరి దాకా వంతులవారీగా తోసిపెట్టారు.

ఎక్కడం ఊపిరి సంగతి, దిగడం ప్రాణం సంగతి. బ్రేకు అదేపనిగా పట్టుకుని దిగితే అది కాగిపోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. మలుపులో నొక్కొద్దు, మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీంచి కాస్త లేచి, ఒళ్లు వెనక్కి జరపండి. చూపు చక్రం ముందున్న రాయి మీద ఉంటే చక్రం ఆ రాయి మీదికే పోతుంది. పది మీటర్ల అవతల దారి మీద పెట్టండి. చలికాలం పొద్దున చెమటతో దిగితే గాలి కోసేస్తుంది, చొక్కా లోపల ఒక పేపరు మడత పెట్టుకుంటే చాలు.

కోత రోజుల్లో ఊళ్లవాళ్లు దారి మీదే కాఫీ గింజలూ చోళ్లూ (రాగులు) ఆరబోస్తారు. అక్కడ దిగి, అంచు వెంట నడిచి దాటండి. అది వాళ్ల ఏడాది సొమ్ము. పశువులకి గంట కొట్టి బెదరగొట్టొద్దు, నోటితో అదిలిస్తే చాలు. గంజాయి తనిఖీ కోసం చెక్‌పోస్టులో సంచులు విప్పించినప్పుడు నవ్వుతూ విప్పండి, ఆధార్ చేతిలో ఉంచండి.

పడితే ఏం చెయ్యాలో నా వృత్తి కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. గీరుకుపోయినచోట పసుపూ కాఫీపొడీ అద్దొద్దు. శుభ్రమైన నీళ్లు బాగా పోసి మట్టి, గులకలు పోయేదాకా కడగండి, శుభ్రమైన గాజ్ బ్యాండేజీ కట్టండి, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టరుకి చెప్పండి. తలకి దెబ్బ తగిలి వాంతి అయినా, మాట తడబడినా ఆ రోజు తొక్కడం అయిపోయినట్టే, ఆసుపత్రికే. అందుకే ఇద్దరు లేకుండా నేను వెళ్లను. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లండి. లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సగం సీసాలో చిక్కగా కలిపి తాగడం తప్పు. ఎవరైనా చోడి అంబలి ఇస్తే కాదనకండి, ఏ ఎనర్జీ జెల్లూ దాని ముందు నిలవదు. వానాకాలం మాత్రం మానెయ్యండి. ఎర్రమట్టి పిండిలా అంటుకుని చక్రం తిరగదు, పైగా జ్వరాల కాలం, మలేరియా దోమ అక్కడే ఉంటుంది.

డిసెంబరులో ఐదున్నరకే చీకటి, కొండ నీడలో ఇంకా ముందే. మధ్యాహ్నం రెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి, ముందు ఎంత అందమైన మలుపు కనబడినా సరే.

ఇంటికొచ్చాక సైకిలుని సర్వీసింగ్ షెడ్డు పైపుతో కొట్టించొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. బకెట్టు నీళ్లూ పాత టూత్‌బ్రష్షూ చాలు. గొలుసు ఆరాక చుక్కచుక్కగా నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడవండి. రేపు చేద్దాంలే అనుకుంటే మన సముద్రపు గాలికి అది తెల్లారేసరికి తుప్పు పడుతుంది.