చెరువు గడ్డి గుర్తుపట్టుడు, 4వ పాఠం: గుండ్రటి కాడ దొరకంగనే జంకస్ అని రాయొద్దు

పోయిన పాఠంల కాడను రెండు వేళ్ల నడుమ పెట్టి తిప్పి చూడమని చెప్పిన. మూడు అంచులు తగిల్తే తుంగ జాతి, గుండ్రంగ ఉండి గణుపులుంటే గడ్డి జాతి, గుండ్రంగ ఉండి గణుపులు లేకపోతే జంకస్ (తుంగ, గడ్డి రెండూ కాని ఇంకో కుటుంబం మొక్క) కావచ్చు, అప్పుడు కంకి చూసి తేల్చుకోవాలె అని రాసిన. మీరు పంపిన ఫోటోల్ల చానా వాటి కింద "జంకస్ దొరికింది అన్నా" అని ఉన్నది. ధర్మసాగర్ చెరువు శిఖంల (నీళ్లు తగ్గితే బయటపడే నేలల) దొరికిందట, వడ్డేపల్లి చెరువు అంచుకు దొరికిందట, ఒకరికైతే వరి పొలం కాల్వల్నే దొరికిందట. కంకి కనబడే ఫోటోలు ఎన్ని ఉంటే అన్ని పెద్దగ చేసి చూసిన, ఒక్కటి కూడ జంకస్ కాదు, అన్నీ తుంగ జాతివే. కంకి కనబడని ఫోటోల గురించి ఎవరూ ఏం చెప్పలేరు.

అందుకే ఈసారి తామర, కలువల పాఠం పక్కకు పెట్టిన, అది వచ్చేసారి. ఇయ్యాల ఈ గుండ్రటి కాడ ముచ్చటే.

ముందుగాల ఒకటి చూడుండ్రి, జంకస్ అసలు ఏడ పెరుగుతది? ఎక్కువగ చల్లటి దేశాల్ల, మన దేశంల అయితే హిమాలయాల దిక్కు, ఎత్తు కొండల మీద తడినేలల్ల. జపాన్ ఇండ్లల్ల నేల మీద పరిచే తాతామి చాపల పైపొర అల్లేది ఈ జాతి మొక్కతోనే, యూరప్ పల్లెల్ల పాతకాలంల దీని కాడ లోపలున్న బెండును కొవ్వుల ముంచి దీపం ముట్టించేటోళ్లు. మన వరంగల్ ఎండల్ల, వేసవికి సగం ఎండిపోయే చెరువుల్ల, అది దొరుకుతదని ఆశపెట్టుకోవద్దు. మన చెరువుల ఆకులు లేకుండ, గణుపులు లేకుండ, పచ్చగ గుండ్రంగ నిలువునా నిలబడ్డ కాడ కనబడితే అది దాదాపు ఎప్పుడూ రెండిట్ల ఒకటి. ఒకటి ఎలియోకారిస్, ఇంకొకటి స్కీనోప్లెక్టియెల్లా. రెండూ తుంగ కుటుంబమే, కాని కాడకు మూడంచులు ఉండయి. అంటే తుంగ అయితే మూడంచులు ఉండాలె అనుకున్నోళ్లు ఇక్కడ దెబ్బతిన్నరు. మూడంచులుంటే తుంగ అన్నది నిజమే, లేకుంటే తుంగ కాదు అన్నది నిజం కాదు. ఈ ఒక్క మాట దగ్గర చదువుకున్నోళ్లు కూడ తడబడుతున్నరు, అందుకే నాకు కోపం వస్తది, అందుకే ఇంత సాగదీసి చెప్తున్న.

ఎలియోకారిస్‌ది సులువు. కాడ చివర, సరిగ్గ కొసకు, ఒక్కటే కంకి ఉంటది. కొమ్మలు లేవు, కింద ఆకు లేదు, అడుగుల కాడను చుట్టుకొని పల్చటి తొడుగు మాత్రం ఉంటది. పెద్ద రకం ఒకటి చెరువుల్ల గుంపుగ పెరుగుతది, దాని కాడ లోపల బోలు, అడ్డంగ పొరలు ఉంటయి, వేళ్లతోని నొక్కుకుంట కిందికెల్లి మీదికి జరుపుతే టిక్కు టిక్కుమని పొరలు పగులుతయి. చైనాల ఈ రకం గడ్డలు కూరల్ల వేసుకొని తింటరు. మన పొలాల అంచుకు, తడి మట్టిల, జానెడు కూడ ఎదగని చిన్న ఎలియోకారిస్‌లు కూడ ఉంటయి, వాటిని ఎవరూ పట్టించుకోరు కాని కంకి మాత్రం అట్లనే కొసకు ఒక్కటే.

స్కీనోప్లెక్టియెల్లాతోనే అసలు తిప్పలు. దీంట్ల ఆర్టికులాటా అనే రకం మన కుంటల్ల, నీళ్లు నిలిచిన పొలాల్ల బాగ పెరుగుతది. దీని కంకులు గుంపుగ కాడ పక్కకెల్లి, కింది భాగంలనే పుట్టినట్టు కనబడతయి, మీద ఇంకా పొడుగు కాడ ఉంటది. నిజానికి ఆ మీది ముక్క కాడ కాదు, కంకి కింద ఉండే ఆకే కాడ లెక్క నిలువుగ పెరిగింది. ఇప్పుడు తిరకాసు ఏందంటే చానా రకాల జంకస్‌ల కూడ సరిగ్గ ఇట్లనే ఉంటది, పూలు కాడ పక్కకెల్లి వచ్చినట్టే కనబడతయి, మీద ఆకే నిలువుగ పోతది. అంటే నెట్‌ల జంకస్ బొమ్మ చూసి, చెరువు దగ్గర ఈ మొక్కను చూసి, రెండూ ఒక్కటే అని రాసినోళ్లది మరీ తప్పేం కాదు, దూరంకెల్లి నిజంగనే ఒక్కతీరే ఉంటయి. అడ్డుపొరలు కూడ నమ్మొద్దు, ఆర్టికులాటా కాడల అడ్డుపొరలు ఉంటయి, జంకస్‌ల కొన్ని రకాల ఆకుల్ల కూడ ఉంటయి. కాడ గుండ్రం, గణుపు లేదు, కంకి పక్కకు, లోపల పొర, ఈ నాలుగు గుర్తులూ రెండిటికీ ఉండొచ్చు. ఇగ దేంతోని తేల్చాలె?

కంకితోనే. కంకి ముదిరినంక, ఎండు రంగుకు తిరిగినంక, ఒకటి తెంపి తెల్ల కాగితం మీద పెట్టి గోటితోని విప్పుండ్రి. తుంగ జాతి అయితే పొలుసులు ఒకదాని మీద ఒకటి ఇంటి కప్పు మీద పెంకలు పేర్చినట్టు ఉంటయి, గింజ కట్టిన పొలుసు కింద ఒక్కటే ఒక్క గట్టి గింజ ఉంటది. జంకస్ అయితే పొలుసుల వరుస ఉండదు, చిన్న చిన్న పూలుంటయి, ఒక్కో పువ్వుకు ఆరు రేకులు, లోపల మూడు, బయట మూడు, నడుమల కాయ. ఆ కాయ పండి మూడు చీలికలు అయితది, లోపల నుంచి సన్నటి గింజలు బోలెడు రాలుతయి. పొలుసుకు ఒక్క గింజ తుంగ, కాయల శానా గింజలు జంకస్. గడ్డి జాతి సంగతి పోయిన పాఠంల చెప్పిన, మళ్ల చెప్ప. పదింతలు పెద్దగ చూపే చిన్న భూతద్దం బాగ పనికొస్తది, ఒక్కసారి కొంటే ఏండ్లకేండ్లు వస్తది. ఫోన్ కెమెరాకు తగిలించే లెన్సులు నాకు నచ్చవు, చెయ్యి వణికితే ఏం కనబడదు.

బోలు కాడ ఉంటే గడ్డి అని కూడ కొందరు రాసిండ్రు. అది కూడ పనికిరాదు. చెరుకు గడ్డి జాతే, దాని కాడ గట్టిగ నిండుగ ఉంటది, ఇందాక చెప్పిన ఎలియోకారిస్ తుంగ అయి ఉండి బోలు. గణుపు చూడుండ్రి, ఆకుల వరుస చూడుండ్రి. తుంగ ఆకులు పైనుంచి చూస్తే మూడు దిక్కులకు పోతయి, గడ్డి ఆకులు రెండే దిక్కులకు, ఎదురెదురుగ. ఆకు మొదట్ల కాడను చుట్టుకునే తొడుగు తుంగకు మూసుకొని గొట్టం అయి ఉంటది, గడ్డికి ఎక్కువగ ఒక పక్క చీలి ఉంటది. వరి నారుల ఊద అనే కలుపు గడ్డిని ఏరేటోళ్లకు ఇంకొక గుర్తు తెల్సు, వరికి ఆకు, తొడుగు కలిసే చోట పల్చటి నాలుక ఉంటది, ఊదకు ఉండది. పొలంల ఏండ్లకేండ్లు పనిచేసిన అవ్వలు ఆకు వంచి చూసి క్షణంల చెప్తరు, వాళ్ల దగ్గర నేర్చుకోండి, పుస్తకాల కంటే తొందరగ వస్తది.

జమ్ము గురించి ఏం రాయ, గోధుమరంగు పొడుగు కంకి చూసినంక దాన్ని ఎవరూ పొరపాటు పడరు.

ఇగ ఇంట్ల పెంచుడు సంగతి. చెరువుకు పోలేని వాళ్లు అడిగిండ్రు, వాళ్ల కోసం. నర్సరీల అంబ్రెల్లా పామ్ అని అమ్ముతరు కదా, అది మడగాస్కర్, ఆఫ్రికా దిక్కు నుంచి వచ్చిన సైపరస్, పక్కా తుంగ జాతి. దాని కాడ పట్టుకొని చూడుండ్రి, మూడంచులు సరిగ తెలవయి, గుండ్రంగనే అనిపిస్తది. పైన గొడుగు లెక్క విచ్చుకున్న ఆకులే దీనికి ఆకులు, కాడ అడుగుల తొడుగులు తప్ప ఏం లేవు. ఇయ్యాల్టి పాఠం మొత్తం ఇంటి ముందటనే దొరుకుతది. కుండీ కొనకుండ, తెలిసినోళ్ల ఇంట్ల ఉంటే ఒక తల అడుగుండ్రి. గొడుగు కింద రెండు అంగుళాల కాడ ఉంచి కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తల కిందులుగ గిన్నెల నీళ్ల మీద వెయ్యుండ్రి. నీడల పెడితే రెండు మూడు వారాలల్ల ఆకుల నడుమ నుంచి కొత్త మొలకలు, వేర్లు వస్తయి. మన ఎండకాలంల వద్దు, వానకాలంల చేస్తే తొందరగ అయితది.

పెంచేదానికి సిమెంట్ గోళెం చాలు, కింద తూటు ఉండొద్దు. కొబ్బరి పొట్టు కలిపిన మట్టి వద్దు, అది నీళ్ల మీద తేలుతది, చెరువు మట్టి గాని నల్లరేగడి గాని అడుగుల ఆరు అంగుళాలు వేసి మీద ఇసుక పరవండి. ఎరువు వెయ్యకండి, నీళ్లన్నీ నాచు పడతయి. గప్పీ చేపలు నాలుగు వేస్తే దోమ పిల్లలను తినేస్తయి. గోళెంల జమ్ము మాత్రం పెట్టకండి, కింద దుంప పాకి మొత్తం నిండుతది, వేరే మొక్కలకు జాగ ఉండదు. గుర్రపు డెక్క పువ్వు అందంగ ఉన్నదని తెచ్చుకున్నోళ్లు కూడ ఉన్నరు, అది దక్షిణ అమెరికా మొక్క, ఎక్కువైందని మోరీల పారేస్తే వానకు కొట్టుకపోయి చెరువుల పడతది, ఆ చెరువుకు ఇగ ఊపిరాడదు. దయచేసి తేవద్దు.

అభ్యాసం ఈసారి కొంచెం బరువే. వానలు తగ్గినంక, నీళ్లు వెనకకు పోయేటప్పుడు ఒక పాత చెరువుకు పోండ్రి. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులైతే మంచిది, శిఖం దిక్కు నేల మెల్లగ వాలి ఉంటది కాబట్టి లోతును బట్టి మొక్కలు వరుసలుగ నిలబడతయి. పొక్లెయిన్‌తోని అంచు నిటారుగ తవ్విన చోట ఈ వరుస కనబడది. తూము కాడికి, మత్తడి కాడికి పోవద్దు, నీళ్లు ఎంత లోతో తెలవది. ఆరిన నేల నుంచి మోకాలు లోతు నీళ్ల దాక నేరుగ ఒక గీత అనుకొని, కట్టెతోని కొట్టుకుంట మెల్లగ నడవండి, పాములుంటయి. ప్రతి ఐదు అడుగులకు ఆగి అక్కడ ఉన్న ప్రతి నిలువు కాడది ఒక్కొక్కటి తెంపుకోండి. ఇంటికి తెచ్చి ఒక్కొక్క కంకి విప్పి, పొలుసులు, గింజలు కాగితం మీద పెట్టి, పెన్సిల్‌తోని బొమ్మ గియ్యండి. పేరు రాకున్నా పరవాలేదు, తుంగనా, గడ్డినా, ఇంకోటా అన్నది మాత్రం రాయాలె, పక్కన ఎందుకో కూడ. కంకి లేని కాడలను పక్కన పెట్టి, తర్వాత నెల మళ్ల అదే గీత మీద నడిచి కంకి వచ్చినంక తెంపండి. నాకు పంపేటప్పుడు మూడు ఫోటోలు ఉండాలె: మొక్క నిలబడ్డ జాగ, కాడ అడ్డంగ కోసింది, విప్పిన కంకి. మూడోది లేకుంటే జవాబు రాయను.