కొత్త కంప్యూటర్‌లో గేమ్ నత్తనడక – 2వ పాఠం: అంకెలు చూసి లోపం పట్టుకోవడం

పోయిన పాఠంలో గేమ్ నడుస్తుండగా తెర మూలన అంకెలు కనబడేలా పెట్టుకున్నాం: ఎఫ్‌పీఎస్ (సెకనుకి గీసే ఫ్రేములు, అంటే బొమ్మలు), జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, సీపీయూ (ప్రాసెసర్) వాడకం, రెండింటి వేడి, ర్యామ్, వీడియో మెమరీ (కార్డు సొంత మెమరీ). గేమ్‌లో ఒకే చోటు ఎంచుకుని, ఒకే దారిలో రెండు నిమిషాలు తిరిగి ఆ అంకెలు కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాసుకోనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి, తొందరేం లేదు.

కొత్త మెషీన్‌లో గేమ్ తడబడగానే చాలామంది డ్రైవర్ (కార్డుని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్) పీకేసి మళ్లీ వేస్తారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, ఎఫ్‌పీఎస్ పెంచుతామని చెప్పుకునే ప్రోగ్రామ్‌లు నాలుగు దించుకుంటారు. మొదటి రెండూ నేనైతే చివరికి పెడతాను, ఆ ప్రోగ్రామ్‌లను మాత్రం దగ్గరికే రానివ్వను. ఒకేసారి మూడు మార్పులు చేస్తే, బాగుపడినా ఏది బాగుచేసిందో తెలీదు. పైగా కొత్త కంప్యూటర్‌లో భాగం పాడైపోయి ఉండటం కన్నా, బాగున్న భాగాన్ని తప్పు చోట బిగించడమో, ఒక సెట్టింగ్ ఆన్ చేయకుండా వదిలేయడమో ఎక్కువ. కాబట్టి ఈ పాఠం పొడుగునా నియమం ఒక్కటే: ఒక మార్పు, ఒక కొలత.

ముందు కేబుల్ చూడండి

డబ్బా వెనక్కి వెళ్లండి. యూఎస్‌బీ, ఆడియో రంధ్రాలు గుంపుగా ఉన్నచోట కూడా హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ ఉండొచ్చు. అవి మదర్‌బోర్డువి (భాగాలన్నీ బిగించే పెద్ద పలక). మామూలు టవర్ డబ్బాల్లో వాటికి కాస్త కింద, అడ్డంగా వరసగా మరో మూడు నాలుగు పోర్టులు ఉంటాయి. అవి గ్రాఫిక్స్ కార్డువి. మానిటర్ కేబుల్ పై గుంపులో ఉంటే, బొమ్మ సీపీయూలో ఇమిడి ఉన్న చిన్న గ్రాఫిక్స్ ద్వారా వస్తున్నట్టు. కొన్న ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుని ఉంటుంది. అప్పుడు మీ కాగితం మీద కార్డు వాడకం సున్నాకి దగ్గరగా కనబడుతుంది.

అన్నిసార్లూ అంత తేలిగ్గా దొరకదు. కొన్ని మెషీన్లలో విండోస్ గేమ్‌ని కార్డు మీదే నడిపి, తయారైన బొమ్మని సీపీయూ వైపు పోర్టుకి మోసుకొస్తుంది. అప్పుడు కార్డు అంకె బాగానే ఉంటుంది, ఎఫ్‌పీఎస్ మాత్రం రావలసినంత రాదు. అందుకే అంకెని నమ్మి వదిలేయకుండా కేబుల్‌ని కళ్లారా చూసుకోవాలి.

వెనకే ఉన్నారు కాబట్టి, కార్డు మదర్‌బోర్డులో అన్నిటికన్నా పై పొడవాటి స్లాట్‌లో ఉందో లేదో కూడా చూసేయండి. కింది స్లాట్లు పొడుగ్గా ఉన్నా, చాలా బోర్డుల్లో వాటికి లోపల తీగలు తక్కువే ఉంటాయి.

ఇక మానిటర్. 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్‌ని విండోస్ 60 దగ్గరే నడుపుతూ ఉండొచ్చు. ఎఫ్‌పీఎస్ 130 చూపిస్తున్నా కంటికి నునుపుగా లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిచి రిఫ్రెష్ రేట్ మార్చండి. ఇది అర నిమిషం పని.

అసలు పరీక్ష

ఇప్పుడు కాగితం మీద జీపీయూ వాడకం దగ్గర వేలు పెట్టండి. అది 95 శాతం దాటి ఉంటే కార్డు తన శక్తంతా పెడుతోంది. 60, 70 దగ్గరే ఉంటే కార్డుకి పని అందడం లేదు. పని అందించాల్సింది సీపీయూ: ఎవరెక్కడున్నారు, ఏ తలుపు తెరుచుకుంది, ఏ తూటా ఎటు పోతోంది అని లెక్కలు కట్టి, "ఇదిగో ఈ ఫ్రేమ్ గియ్యి" అని కార్డుకి పంపుతుంది. ఆ పంపడం ఆలస్యమైతే కార్డు ఎంత గొప్పదైనా ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

దీన్ని రుజువు చేసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. గేమ్ సెట్టింగులు మిగతావన్నీ అలాగే ఉంచి, రిజల్యూషన్ (తెర మీద గీసే చుక్కల సంఖ్య) ఒక్కటే బాగా తగ్గించండి. 4కే తెర మీద ప్రతి ఫ్రేమ్‌కీ దాదాపు 83 లక్షల చుక్కలు గియ్యాలి, 1080పీలో దాదాపు 21 లక్షలే. అంటే కార్డు పని నాలుగో వంతుకి పడిపోతుంది, సీపీయూ పని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అదే దారిలో మళ్లీ తిరగండి. ఎఫ్‌పీఎస్ గట్టిగా పెరిగితే అడ్డు కార్డు దగ్గర. పెద్దగా కదలకపోతే అడ్డు సీపీయూ, ర్యామ్ వైపు.

ఒక్క మినహాయింపు. ఎఫ్‌పీఎస్ అటూ ఇటూ ఊగకుండా సరిగ్గా 60 దగ్గరో 30 దగ్గరో అతుక్కుపోయి ఉంటే అది లోపం కాదు, ఎవరో గీసిన గీత. వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), గేమ్‌లోని ఫ్రేమ్ లిమిట్, డ్రైవర్ ప్యానెల్‌లోని లిమిట్ మూడూ చూడండి. వాటిని తీసేసి పరీక్ష మళ్లీ మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామందిని పక్కదారి పట్టించే అంకె సీపీయూ శాతం. "సీపీయూ 34 శాతమే వాడుతోంది, మరి అడ్డు అదెలా అవుతుంది?" అని అడుగుతారు. 16 థ్రెడ్ల (ఒకేసారి నడిచే 16 పని వరసల) సీపీయూలో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం శాతంలో అది 6 చిల్లరే. గేమ్‌లోని ముఖ్యమైన పని చాలావరకు ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫ్‌ని లాజికల్ ప్రాసెసర్ల వారీగా మార్చుకుని చూసినా ఒక్కోసారి దొరకదు, ఎందుకంటే విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తూ ఉంటుంది. కాబట్టి సీపీయూ శాతాన్ని పక్కన పెట్టండి. జీపీయూ అంకె, రిజల్యూషన్ పరీక్ష, ఈ రెండు సాక్ష్యాలు చాలు.

ఒక కాగితం చదువుదాం

ఇలాంటి అంకెలు వచ్చాయనుకోండి. 1440పీలో ఎఫ్‌పీఎస్ 71, జీపీయూ 58 శాతం, సీపీయూ 34 శాతం, సీపీయూ వేడి 66 డిగ్రీలు. రిజల్యూషన్ 720పీకి దించితే ఎఫ్‌పీఎస్ 73, జీపీయూ 30 శాతం. మీరే తీర్పు చెప్పండి, ఆ తర్వాత కిందికి రండి.

కార్డుకి పని తగ్గించినా రెండు ఫ్రేములే పెరిగాయి. అడ్డు కార్డు కాదు. వేడి కూడా మామూలుగానే ఉంది. కొత్త మెషీన్‌లో ఈ నమూనా కనబడితే, సీపీయూని తిట్టుకునే ముందు నేను ర్యామ్ చూస్తాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరవండి. మన ఉదాహరణ మెషీన్‌లో స్పీడ్ అన్నచోట 2133 ఉందనుకోండి. ర్యామ్ పెట్టె మీద 3200 అని రాసి ఉంది. మోసమేమీ లేదు. పెట్టె మీది వేగం దానంతట అది ఆన్ కాదు. కొత్తగా బిగించిన ర్యామ్ ఎక్కడైనా పనిచేసే ప్రామాణిక వేగంతోనే లేస్తుంది: డీడీఆర్4 (పాత తరం ర్యామ్) అయితే తరచుగా 2133 నుంచి 2666 మధ్య, డీడీఆర్5 (దాని తర్వాతి తరం) అయితే ఎక్కువగా 4800. మిగతా వేగం కోసం బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే, బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని ఎక్స్‌ఎంపీ అంటారు, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో అంటారు.

ఈ మెషీన్‌లో ఇంకో తిరకాసు ఉంది. నాలుగు స్లాట్లలో రెండు ర్యామ్ కర్రల్ని పక్కపక్కనే గుచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఎక్కువ బోర్డుల్లో పక్కపక్క స్లాట్లు ఒకే ఛానెల్‌వి (ఛానెల్ అంటే సీపీయూకి, ర్యామ్‌కి మధ్య దారి). రెండు ఛానెళ్లూ పనిచేయాలంటే సాధారణంగా సీపీయూ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని అచ్చు వేసి ఉంటుంది. సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీ చూస్తే ఛానెల్ సంగతి తెలుస్తుంది.

నష్టం ఎంతో లెక్క కడదాం. ఒక ఛానెల్ ఒక్క విడతకి 8 బైట్లు మోస్తుంది. 2133 అంటే సెకనుకి 2133 మిలియన్ విడతలు, దాన్ని 8తో గుణిస్తే సెకనుకి సుమారు 17 జీబీ. 3200 వేగంతో రెండు ఛానెళ్లు నడిస్తే 51 జీబీ. అంటే సీపీయూకి రావలసిన దానిలో మూడో వంతే వస్తోంది. సరిచేయగానే ఎఫ్‌పీఎస్ మూడింతలవుతుందని ఆశపడకండి, గేమ్‌ని బట్టి తేడా కొంచెమూ ఉండొచ్చు, చాలానూ ఉండొచ్చు. కానీ ఇలా సీపీయూ వైపు ఇరుక్కున్న గేమ్‌లో మార్పు అంకెల్లోనే కాదు, చేతికి కూడా తెలుస్తుంది.

బయోస్‌లోకి వెళ్లడానికి ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ ఉండండి. ప్రొఫైల్ ఆన్ చేసి సేవ్ చేశాక, ముఖ్యంగా డీడీఆర్5 మెషీన్లలో, తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు కొత్త వేగానికి ర్యామ్‌ని సర్దుకుంటోందన్నమాట. టెన్షన్ పడి పవర్ తీసేయకండి. అసలు లేవకపోతే చాలా బోర్డులు రెండు మూడు ప్రయత్నాల తర్వాత వాటంతట అవే పాత వేగానికి వచ్చేస్తాయి. అలా రాకపోతే బోర్డు మాన్యువల్‌లో సీమాస్ క్లియర్ చేసే (బయోస్ సెట్టింగుల్ని మొదటి స్థితికి తెచ్చే) పద్ధతి చూడండి.

మిగతా కాగితాలు

రిజల్యూషన్ తగ్గించగానే ఎఫ్‌పీఎస్ ఎగిరి, జీపీయూ 97 శాతం దగ్గర ఉన్నవాళ్లకి చెప్పేది తక్కువ. మీ కార్డు కష్టపడుతోంది, అంతే. అదే కార్డుకి అదే గేమ్‌లో, అదే రిజల్యూషన్‌లో ఇతరులకి ఎంత వస్తోందో పోల్చండి. దగ్గర దగ్గరగా ఉంటే లోపమే లేదు. రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి గీసే సెట్టింగ్) ఆపండి, నీడల నాణ్యత దించండి, లేదా తక్కువ చుక్కలతో గీసి బొమ్మని పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్, ఎక్స్‌ఈఎస్ఎస్‌లో మీ కార్డుకి పనిచేసేది ఆన్ చేయండి. పోల్చినప్పుడు బాగా తక్కువగా ఉంటే వేడి సంగతి తేల్చాలి.

వేడి విషయంలో డిగ్రీలు చూసి బెదిరిపోయేవాళ్లే ఎక్కువ. రైజెన్ 7000 వరసలోని చాలా డెస్క్‌టాప్ సీపీయూలు 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి. ఇంటెల్ వాటిలో చాలావాటికి హద్దు 100 దగ్గర ఉంటుంది. అంకె ఒక్కటే నేరం రుజువు చేయదు. చూడాల్సింది వేగం: గేమ్ మొదలైన ఐదు నిమిషాలకి వేడి హద్దుకి చేరి, గిగాహెర్ట్జ్ జారిపోయి, దాని వెంట ఎఫ్‌పీఎస్ కూడా జారితే అది నిజమైన లోపం. కొత్త మెషీన్ అయితే సీపీయూ మీది కూలర్ విప్పి అడుగు చూడండి. రాగి పలక మీద అంటించి వచ్చే పలచటి ప్లాస్టిక్ పొరని తీయకుండానే బిగించేసిన కూలర్లు బోలెడు. పొర తీశాక పాత పేస్ట్ (సీపీయూ వేడిని కూలర్‌కి అందించే ముద్ద) తుడిచి కొత్త పేస్ట్ వేసి బిగించాలి.

సగటు ఎఫ్‌పీఎస్ బాగున్నా మధ్యమధ్యలో ఆగి ఆగి నడిచేవాళ్లు రెండు సంగతులు చూడాలి. వీడియో మెమరీ అంచుదాకా నిండిపోతే టెక్స్‌చర్ (వస్తువుల మీద పరిచే బొమ్మలు) నాణ్యత ఒక మెట్టు దించండి. మెమరీ ఖాళీగానే ఉండి, కొత్త చోటికి వెళ్లినప్పుడు కుదిపి, అదే చోటికి రెండోసారి వెళ్తే కుదపకపోతే, గేమ్ తన షేడర్లని (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రామ్‌లని) అప్పటికప్పుడు తయారు చేసుకుంటోంది. దానికి మీ కంప్యూటర్‌లో మార్చాల్సిందేమీ లేదు. విండోస్ వేసి ఒకటి రెండు రోజులే అయితే వెనకాల అప్‌డేట్లు, ఫైళ్ల ఇండెక్సింగ్ కూడా నడుస్తుంటాయి. ఒక రాత్రి ఆన్‌లో వదిలేసి మర్నాడు కొలవండి.

అభ్యాసం

ఒకే గేమ్, ఒకే దారి. మామూలు రిజల్యూషన్‌లో ఒకసారి, తగ్గించి ఒకసారి కొలిచి, రెండు వరసలూ పక్కపక్కనే రాయండి. కింద ఒక్క ముక్క రాయండి: కార్డు, సీపీయూ వైపు, గీత, వేడి, మెమరీ, వీటిలో ఏదో ఒకటి. ఆ ముక్కకి సంబంధించిన ఒక్క మార్పు చేసి మూడో వరస రాయండి. మూడో వరస మొదటి దానిలాగే ఉంటే చేసిన మార్పు వెనక్కి తీసేసి, రెండో అనుమానానికి వెళ్లండి.

3వ పాఠం ల్యాప్‌టాప్‌ల గురించి. వాటిలో కేబుల్ తప్పు దాదాపు ఉండదు గానీ, రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉండటం వల్ల గేమ్ తప్పు చిప్పు మీద నడవడం మామూలే. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఛార్జర్ మీద రాసున్న వాట్ల అంకె చూసి, ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి ఎఫ్‌పీఎస్ కొలిచి ఉంచండి.